గండికోట రాళ్లు పొరలుగా ఎందుకున్నాయి?

గండికోట దగ్గర పెన్నా లోయ గోడలు చూడండి. పుస్తకాలు పేర్చినట్టు ఎర్రటి రాతి పొరలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగు! సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట ఈ ప్రాంతంలో భూమి పైపెంకు సాగి, పలచబడి, కుంగడం మొదలైంది. ఆ పల్లంలోకి లోతులేని సముద్రం వచ్చింది. ఇసుక, బురద కోట్ల ఏళ్లపాటు పేరుకుని రాళ్లయ్యాయి. ఆ బరువుకు నేల ఇంకా కుంగింది, మరింత మట్టికి చోటు దొరికింది. అందుకే పొరల మందం కిలోమీటర్లలో ఉంటుంది. కొన్ని పలకల మీద ఆనాటి అలల ముడతలు ఇప్పటికీ వేలికి తగులుతాయి. ఎంత అద్భుతం!

మరి తూర్పున నల్లమలలో పొరలు ఎందుకు మెలికలు తిరిగాయి? తర్వాతి కాలంలో తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి ఆ వైపు రాళ్లు ముడుచుకుని, పడమటికి జరిగాయి. గండికోట వైపు పొరలు పెద్దగా చెదరలేదు. గండికోట, నల్లమల రెండూ ఉన్న ఈ పాత పల్లాన్నే కడప బేసిన్ అంటారు. నెలవంక ఆకారంలో ఉండే దీని విస్తీర్ణం సుమారు 44,000 చదరపు కిలోమీటర్లు.