ఐపీ68 ఫోన్ వానకి బతికింది.. కానీ చార్జింగ్ ఎక్కలేదు!

"ఐపీ68 ఉంది కాబట్టి వానకి భయం లేదు" అని నా రివ్యూల్లో చాలాసార్లు రాశాను. పోయిన ఆగస్టులో బ్లూ మౌంటెన్స్‌లో ఒక్క రోజు తిరిగాక ఆ లైన్ అంత ధైర్యంగా రాయలేకపోతున్నా.

శనివారం పొద్దున్నే నేనూ, మా రూమ్మేట్ సిడ్నీలోని పరమట్టా నుంచి కారులో బయలుదేరాం. గంటన్నర డ్రైవ్ చేస్తే బ్లాక్‌హీత్. అక్కడి గ్రాండ్ కాన్యన్ (అమెరికాది కాదు!) సుమారు 6 కిలోమీటర్ల లూప్. మనం ట్రెక్కింగ్ అనేదాన్ని ఇక్కడ బుష్‌వాకింగ్ అంటారు. ఇంటి దగ్గర మంచి ఎండ. వెదర్ విడ్జెట్‌లోనూ సూర్యుడి బొమ్మే. అది పరమట్టా వెదర్ అని, మేం వెళ్లేది 1,000 మీటర్ల ఎత్తుకని అప్పుడు తట్టలేదు. కారు దిగేసరికి పొగమంచు, చలిగాలి. "అరగంటలో తేలిపోతుందిలే" అనుకుని నడక మొదలుపెట్టాం.

లోయలో ఏం జరిగిందంటే

మెట్లు దిగేకొద్దీ సిగ్నల్ తగ్గి, చివరికి 'నో సర్వీస్'. రెండు వైపులా నిలువు రాతిగోడలు, మధ్యలో వాగు. మ్యాప్‌లో నీలం చుక్క కాసేపు వాగు అవతల, కాసేపు కొండ మీద. శాటిలైట్ సిగ్నల్స్ గోడలకు తగిలి తిరిగి రావడం వల్ల వచ్చే తేడా ఇది. మల్టీపాత్ అంటారు. డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్ దీన్ని కొంత తగ్గిస్తుంది గానీ, ఆకాశమే సన్నటి చీలికలా కనిపించే చోట అదీ పెద్దగా చేసేదేం లేదు.

అప్పుడే వాన మొదలైంది. తడి స్క్రీన్ మీద వేలు ఒకచోట పెడితే టచ్ ఇంకోచోట పడుతోంది. పాత బ్యాటరీ, చలి, నేను తీసిన వీడియోలు, పైగా లేని నెట్‌వర్క్ కోసం ఫోన్ వెతుకులాట.. చార్జ్ 14 శాతానికి వచ్చేసింది. పవర్ బ్యాంక్ తీసి కేబుల్ పెడితే 'పోర్ట్‌లో తేమ ఉంది' అని వార్నింగ్. ఎంత తుడిచినా అంతే. పోర్ట్ పాడవకుండా ఫోన్ తనని తాను కాపాడుకుంటోంది, కరెక్టే. కానీ నాకు మ్యాప్ కావాలి కదా!

అంతలో రూమ్మేట్ నాచు రాయి మీద జారాడు. చీలమండ వాచిపోయింది.

"లూప్ కదరా, ముందుకెళ్లినా పైకే వస్తాం, పద" అన్నాడు. ముందుకెళ్తే ఇంకా చాలాసార్లు వాగు దాటాలి. వాన పెరిగితే ఇలాంటి ఇరుకు లోయలో నీళ్లు త్వరగా పెరుగుతాయి.

"వద్దురా, చూసిన దారే మేలు" అని వెనక్కి తిరిగాం. గంటలో దిగిన దారి ఎక్కడానికి రెండు గంటలపైనే పట్టింది. వాడు నా భుజం మీద చెయ్యేసి మెట్టు మెట్టుకీ ఆగుతున్నాడు. ఇక్కడే వాడు నడవలేకపోతే? కాల్ చేయడానికి సిగ్నల్ లేదు, ఎక్కడికెళ్తున్నామో ఎవరికీ చెప్పలేదు. నిజంగా భయమేసింది.

ఇప్పుడు నేను పాటించేవి

* ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసి, సిగ్నల్ పోగానే ఎయిర్‌ప్లేన్ మోడ్. జీపీఎస్ సిగ్నల్ అందుకోవడమే తప్ప పంపదు కాబట్టి అందులోనూ పనిచేస్తుంది.
* ఫోన్, కేబుల్ రెండూ జిప్‌లాక్ కవర్‌లో. వైర్‌లెస్ చార్జింగ్ ఉన్న పవర్ బ్యాంక్ అయితే పోర్ట్ తడిసినా ఇబ్బంది లేదు.
* వెదర్ చూసేది ఇంటికి కాదు, కొండ మీది ఊరికి.
* ఎక్కడికి వెళ్తున్నాం, ఎన్నింటికి తిరిగొస్తాం అని ఒకరికి మెసేజ్.
* పీఎల్‌బీ. 406 మెగాహెర్ట్జ్ మీద శాటిలైట్‌కి ఆపద సిగ్నల్ పంపే చిన్న డబ్బా ఇది. మొబైల్ నెట్‌వర్క్ అక్కర్లేదు, సబ్‌స్క్రిప్షన్ లేదు. దానికీ పైన ఆకాశం కనిపించాలి. బ్లాక్‌హీత్‌లోని నేషనల్ పార్క్ సెంటర్‌లో ఉచితంగానే ఇస్తారు. మేం అడగనే లేదు!

రూమ్మేట్ పది రోజుల్లో మామూలుగా నడిచాడు. ఫోన్‌కి కూడా ఏమీ కాలేదు. ఐపీ68 టెస్ట్ చేసేది కదలని మంచినీళ్లలో. నీళ్లు లోపలికి పోవని మాత్రమే అది చెబుతుంది. తడిలో టచ్ పనిచేస్తుందని, చార్జ్ ఎక్కుతుందని చెప్పదు. అందుకే ఇకపై నా ప్రతి ఫోన్ రివ్యూలో రెండు టెస్టులు అదనం: తడి వేళ్లతో మ్యాప్ వాడటం, పోర్ట్ తడిశాక ఎంతసేపటికి చార్జ్ ఎక్కుతుందో చూడటం.