గగనతల సామర్థ్యం – విమానాల గిరాకీ: సమతుల్యత, సూర్యలంక నేపథ్యం

ఉపోద్ఘాతం

వేసవి ఆరంభంలో గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు పోటెత్తుతాయి. తూకాలు, ఎగుమతులు అందుకోలేనంతగా సరుకు పేరుకున్నప్పుడు యార్డుకు సెలవులు ప్రకటించి, కొత్త సరుకు తేవద్దని రైతులను కోరడం పరిపాటి. రైతు ఆ పంటను కోల్డ్ స్టోరేజీలో నిలవ చేయగలడు. ఆ యార్డు మీదుగా సాగే విమానానికి అటువంటి వెసులుబాటు లేదు. గాలిలో నిరీక్షించే ప్రతి నిమిషమూ ఇంధనాన్ని హరిస్తుంది. ఈ స్థితిలో గగనతల సామర్థ్యానికీ, గిరాకీకీ సమతుల్యతను ఎలా సాధిస్తారు, అందుకయ్యే నిరీక్షణను ఎవరు భరిస్తారు అనేవి ఈ వ్యాసం పరిశీలించే అంశాలు.

1. సామర్థ్య నిర్ణయం

గగనతలాన్ని సెక్టార్లుగా విభజిస్తారు. ఒక సెక్టారులో గంటకు ఎన్ని విమానాలను సురక్షితంగా నడిపించగలరో అదే దాని సామర్థ్యం. ఆకాశ వైశాల్యం కన్నా విమానాల మధ్య పాటించవలసిన ఎడం, వాతావరణం, నియంత్రణాధికారి ఏకకాలంలో గమనించగల విమానాల సంఖ్య దీనిని నిర్ణయిస్తాయి. భారత గగనతలంలో 2003 నవంబరులో 29,000–41,000 అడుగుల మధ్య నిలువు ఎడాన్ని 2,000 నుంచి 1,000 అడుగులకు తగ్గించడంతో ప్రయాణ స్థాయులు 7 నుంచి 13కు పెరిగాయి. ఇందుకు భిన్నమైన అనుభవం అమెరికాది. 1981 ఆగస్టులో సమ్మె చేసిన 11,000 మందికి పైగా నియంత్రణాధికారులను అక్కడి ప్రభుత్వం తొలగించింది. రన్‌వేలు యథాతథంగా ఉన్నప్పటికీ విమానాలను తగ్గించక తప్పలేదు. సామర్థ్యంలో మానవ శ్రమకు గల స్థానాన్ని ఈ ఘటన స్పష్టం చేస్తుంది.

2. నేలపై నిరీక్షణ

గిరాకీ సామర్థ్యాన్ని మించుతుందని ముందే తెలిస్తే, విమానాన్ని బయలుదేరే చోటనే ఆపి కొత్త సమయాన్ని కేటాయిస్తారు. భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఈ సమన్వయాన్ని ఢిల్లీలోని కేంద్రం నుంచి నిర్వహిస్తుంది. ఢిల్లీలో పొగమంచు కమ్మితే గన్నవరంలో విమానం ఆగడానికి కారణమిదే.

3. సూర్యలంక నేపథ్యం

బాపట్ల సమీపంలోని సూర్యలంకలో వైమానిక దళ స్థావరం, క్షిపణి ప్రయోగ క్షేత్రం ఉన్నాయి. ప్రయోగాల వేళ నిర్ణీత గగనతల భాగాన్ని పౌర విమానాలకు మూసివేస్తూ ముందస్తు ప్రకటన వెలువడుతుంది. ఆ దారిన పోవలసిన విమానాలు చుట్టు తిరిగి పక్క సెక్టార్లలో ప్రవేశిస్తాయి. మొత్తం మీద ఒక్క విమానమూ పెరగకుండానే అక్కడ గిరాకీ పెరుగుతుంది. దేశ గగనతలంలో 60 శాతమే పౌర విమానాలకు స్వేచ్ఛగా అందుబాటులో ఉందని, ఆంక్షలను సడలిస్తే ఏటా సుమారు 1,000 కోట్ల రూపాయలు ఆదా అవుతాయని 2020 మే 16న కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. గగనతలాన్ని పౌర, సైనిక భాగాలుగా శాశ్వతంగా విభజించక, అవసరమైనంత సేపే ప్రత్యేకించి వెంటనే తిరిగి అప్పగించడం ఈ సడలింపులోని మూలసూత్రం.

ముగింపు

రక్షణ అవసరం, పౌర ప్రయాణం రెండూ న్యాయమైనవే. ఒకే గగనతలాన్ని అవి పంచుకున్నప్పుడు ఎవరో ఒకరు ఆగక తప్పదు. మూసివేత ఎంతసేపో ముందుగా తెలిపి, పని ముగియగానే దారి తెరిస్తే ఆ నిరీక్షణ తగ్గుతుంది. తెరవడంలో జరిగే జాప్యం మాత్రం ఇంధన వ్యయంగా, ప్రయాణికుల కాలహరణంగా పరిణమిస్తుంది. కాబట్టి సమతుల్యతను నడిచిన విమానాల సంఖ్యతో మాత్రమే కాక, నిరీక్షణ ఎంత న్యాయంగా పంపిణీ అయిందన్న ప్రమాణంతోనూ అంచనా వేయవలసి ఉంది.