తలకోన తల దాకా

మా సౌకార్‌పేట పిల్లలకు మెట్లెక్కడం కొత్త కాదు. ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డ పాత మిద్దె ఇళ్ళలో, తాడు పట్టుకుని ఎక్కవలసిన నిట్టనిలువు మెట్ల మీద రోజుకు పదిసార్లు ఎక్కుతూ దిగుతూ పెరుగుతారు. వాళ్ళకు తెలియనివల్లా కాలి కింద మట్టి, నెత్తి మీద చెట్టు. ఆకాశం చూడాలన్నా రెండు మిద్దెల మధ్య సందులోంచి మెడ ఎత్తి చూడవలసిందే.

అటువంటి సందులో పుట్టి పెరిగిన మా మేనల్లుడు, ప్లస్ టూ చదువుతున్నవాడు, గత కార్తీకంలో ఒక కోరిక కోరాడు. "మామయ్యా, జలపాతాన్ని అందరూ కింద నుంచే చూస్తారు. నేను పైకెక్కి చూడాలి. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చి పడుతున్నాయో చూడాలి."

మా అక్కయ్య ఒక్కటే మాట అంది: "వద్దు."

ఆ మాట వెనుక కథ మా వీధిలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. చాలా ఏళ్ళ కిందట పక్క సందులోని కుర్రవాడొకడు స్నేహితులతో ఆదివారం షికారు వెళ్ళాడు. జలపాతం పైన బండ మీద నిలబడి ఫొటో తీయించుకుంటూ కాలు జారాడు. ఆ రాత్రి ఇంటికి చేరింది వాడి చేతిసంచీ మాత్రమే. "వాడికి ఈత బాగా వచ్చు కదమ్మా" అని వాళ్ళమ్మ వచ్చిన వారందరితోనూ అంటుండేది. అప్పటినుంచి మా వీధి తల్లులకు జలపాతమంటే గుండె దడ.

తల్లీ కొడుకుల మధ్య తీర్పు చెప్పింది మా నాన్నగారు. ఆయనకు డెబ్భై దాటాయి. అయినా ఏటా అలిపిరి నుంచి కాలినడకన తిరుమల ఎక్కే మనిషి. "నేనూ వస్తాను. ఆగమన్నచోట ఆగాలి. ఎందుకని అడగకూడదు. ఒప్పుకుంటే పద" అన్నారు. వాడు ఒప్పుకున్నాడు. ఆ షరతు మీదే అక్కయ్య కూడా తల ఊపింది.

కొండతో మన చుట్టరికం

ఆలోచిస్తే సౌకార్‌పేట వాళ్ళకు శేషాచలం పరాయి కొండ కాదు. ఏటా బ్రహ్మోత్సవాల ముందు మన చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచి శ్రీవారి గొడుగులు ఊరేగింపుగా కదులుతుంటే, వీధుల్లో ఇసుక వేస్తే రాలదు. ఆ గొడుగులు చేరేది ఏడుకొండలకే. ఆ కొండల వరుసలోనే, తిరుపతికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, నేటి తిరుపతి జిల్లా యెర్రావారిపాళెం మండలంలో ఉన్నది తలకోన. ఆదిశేషుని ఆకారంలో ఉన్న ఈ పర్వతశ్రేణికి తల వద్ద ఉన్న కోన కనుక ఆ పేరు వచ్చిందని పెద్దలు చెప్పుకుంటారు.

దగ్గరలో చూడాలంటే నారాయణవనం వద్ద కైలాసకోన, వరదయ్యపాళెం వైపు ఉబ్బలమడుగు ఉన్నాయి. మేము తలకోననే ఎంచుకోవడానికి కారణం, ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తయిన జలపాతం అది. ఎత్తు 270 అడుగులు. ఎంత ఎత్తో మన కంటికి అందాలంటే, మౌంట్ రోడ్డులోని ఎల్.ఐ.సి. భవనాన్ని తలచుకోండి. 1959లో అది కట్టినప్పుడు ఊరూరి నుంచీ జనం వచ్చి నోరు వెళ్ళబెట్టి చూశారు. దాని ఎత్తు 177 అడుగులు. దాని మీద ఇంకో సగం భవనాన్ని నిలబెడితే తలకోన అవుతుంది.

సెంట్రల్ స్టేషన్ మనకు నడక దూరమే. పొద్దున్నే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తిరుపతిలో దిగాము. రోడ్డున వెళ్ళేవారు ఊత్తుకోట, నాగలాపురం, పుత్తూరు మీదుగా వెళ్ళవచ్చు. ఆ రాత్రి తిరుపతిలోనే బస చేసి, మర్నాడు తెల్లవారకముందే జీపు మాట్లాడుకుని భాకరాపేట మీదుగా బయలుదేరాము. నెరబైలు దాటాక రోడ్డుకు రెండు పక్కలా అడవి దగ్గరపడింది. అప్పటిదాకా సెల్‌ఫోను చూసుకుంటున్న మేనల్లుడు తల ఎత్తి, మళ్ళీ దించలేదు.

కోనలోకి

మొదట సిద్ధేశ్వరస్వామి గుడి. శివరాత్రికి ఇక్కడ జనం కిటకిటలాడతారు. మేము వెళ్ళిన డిసెంబరు ఉదయాన పదిమంది కూడా లేరు. దర్శనం చేసుకుని వచ్చేసరికి మా పులిహోర పొట్లాల్లో ఒకటి కోతి చేతిలో ఉంది. తలకోనలో తొలి పాఠం అదే. తిండి సంచీలోపల ఉండాలి, సంచీ భుజాన ఉండాలి.

దారి చూపడానికి ఒక స్థానికుణ్ణి వెంట తీసుకున్నాము. ఆయన చిన్నప్పటి నుంచీ ఆ కోనలో తిరిగిన మనిషి. పేరడిగితే నవ్వి, "పేరెందుకులే సామీ, అన్నా అని పిలవండి చాలు" అన్నాడు.

గుడి దాటి అడవిలోకి అడుగు పెట్టగానే చల్లదనం మీద పడింది. మనిషి నడుమంత లావున మెలికలు తిరిగి చెట్టు నుంచి చెట్టుకు పాకిన గిల్లతీగలను చూసి మేనల్లుడు కొండచిలువలనుకుని వెనక్కు గెంతాడు. ఆ తీగ కాయలు మూరెడు పొడవు దాటి పెరుగుతాయి. ఎర్రచందనం ఈ తూర్పు కనుమల సొత్తు. ప్రపంచంలో మరెక్కడా ఇలా సహజంగా పెరగదు. రాతి నెర్రెల్లో బంగారు బల్లి ఉంటుందనీ, చెట్ల మీద దేవాంగపిల్లి ఉంటుందనీ, అవి పగలు కనిపించవనీ మా అన్న చెప్పాడు. ఇదంతా 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోని భాగం. 2010లో శేషాచలం కొండలను జీవావరణ రిజర్వుగా కూడా ప్రకటించారు.

జలపాతం కింద నిలబడితే మాట వినబడదు. పైనుంచి తెల్లటి ధార, సగం దూరం వచ్చేసరికి తుంపరగా విడిపోయి, గాలికి అటూ ఇటూ ఊగుతూ పడుతోంది. అందరూ అక్కడే తడిసి, ఫొటోలు తీసుకుని తిరిగి వెళ్ళిపోతున్నారు. మా అన్న మాత్రం పక్కనున్న చెట్ల సందు చూపించి, "తల చూడాలంటే ఇట్లా" అన్నాడు.

నిట్టనిలువు దారి

ఆ దారిని అటవీశాఖ వారు అన్ని రోజులూ తెరిచి ఉంచరు. వానలు జోరుగా ఉన్నప్పుడు జలపాతం దగ్గరికే రానివ్వరు. మేము ముందే అడిగి, సరేనన్నాకే కదిలాము.

తిరుమల మెట్లు ఎక్కిన ధైర్యం ఇక్కడ పనికిరాదు. అలిపిరి దారిలో మెట్టుకూ మెట్టుకూ ఎత్తు తెలుసు, కాలికి లెక్క తెలుసు. ఇక్కడ ఒక అడుగు చెట్టు వేరు మీద, మరో అడుగు కదిలే రాయి మీద. కొన్నిచోట్ల చేతులు కూడా కాళ్ళయి పాకవలసి వచ్చింది. మా అన్న మూడు మాటలు చెప్పాడు. పట్టుకునే కొమ్మ పచ్చిదా ఎండుదా చూడాలి. ముందున్నవాడు రాయి దొర్లిస్తే తగలనంత దూరంలో వెనకవాడు ఉండాలి. ఆయాసం వచ్చాక కాదు, రాకముందే ఆగాలి.

సగం దారిలో ఒక చదునైన బండ వచ్చింది. నాన్నగారు దాని మీద కూర్చున్నారు. నీళ్ళు తాగారు. మోకాలు రెండుసార్లు చేత్తో రుద్దుకున్నారు.

"నేను ఇక్కడ ఆగుతాను. మీరు వెళ్ళి రండి" అన్నారు.

"ఇంకొంచెమే తాతయ్యా, నేను చెయ్యి పట్టుకుంటాను" అన్నాడు మేనల్లుడు.

"ఎక్కగలను రా. దిగడానికి కూడా మోకాళ్ళు కావాలిగా."

ఏటా కొండ ఎక్కే మనిషి, వచ్చింది కూడా పైదాకా వెళ్ళాలనే. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. ఆయనను ఒంటరిగా వదలకుండా మా జీపు డ్రైవరు తోడు కూర్చున్నాడు. మేము ముగ్గురమూ పైకి కదిలాము. కొంత దూరం మేనల్లుడు మాట్లాడలేదు.

తల మీద

మరో అరగంటకు చెట్లు పలచబడ్డాయి. ఎదురుగా వెడల్పాటి బండ, దాని మీద నీళ్ళు.

నిజం చెబుతున్నాను, చూడగానే నిరాశపడ్డాము. కింద అంత హోరు చేసిన జలపాతం ఇక్కడ చీలమండ లోతున బండ మీద జారిపోతున్న వాగు. మన వీధిలో వానొస్తే ఇంతకన్నా ఎక్కువే పారుతుంది. చప్పుడు కూడా లేదు. ఆ వాగు నెమ్మదిగా వెళ్ళి, బండ అంచున వంగి, కనిపించకుండా పోతోంది. అంచుకు అవతల అంతా గాలి.

మేనల్లుడు అటు రెండడుగులు వేశాడు. మా అన్న గొంతు పెంచలేదు. "ఆడనే నిలబడు నాయనా. నల్లంగా మెరుస్తాండే బండ చూసినావా? పాచి పట్టిండాది. చెప్పులున్నా బూట్లున్నా నిలవదు. అంచు నుంచి పది అడుగులు మనది కాదు, నీళ్ళది" అన్నాడు.

తరువాత కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. అంచు దాకా బండ చదునుగా ఉండదు, చివర్లో వాలుతుంది. ఆ వాలు నిలబడ్డవాడికి తెలియదు, జారినవాడికే తెలుస్తుంది. చీలమండ లోతు నీరైనా వాలు మీద కాలిని లాగేస్తుంది. కింద గుండంలో పడితే ఈత వచ్చినా లాభం తక్కువ. నురుగులో గాలి ఎక్కువ, అది మనిషిని తేల్చదు. పైనుంచి పడే ధార లోపలికి తొక్కుతుంది. అడుగున ఎక్కడ బండ ఉందో ఎవరికీ కనబడదు.

నాకు మా పక్క సందు కుర్రవాడు గుర్తొచ్చాడు. వాడికి ఈత బాగా వచ్చు. ఇన్నేళ్ళ తరువాత ఆ మాటకు జవాబు ఈ బండ మీద దొరికింది.

వానాకాలం సంగతి కూడా అడిగాను. మన నెత్తిన ఎండ కాస్తున్నా, ఎగువ కొండల మీద కురిసిన వాన కొంతసేపటికి ఇక్కడికి వచ్చి పడుతుందట. తేట నీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, వాగు చప్పుడు మారినా వస్తువుల కోసం చూడకుండా గట్టెక్కి ఎత్తుకు పోవాలి. "సంచీ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు" అన్నాడు.

పది అడుగుల ఇవతల బండకు ఆనుకుని మేము చాలాసేపు కూర్చున్నాము. అక్కడినుంచి జలపాతం కనిపించదు. కనిపించింది లోయ. చెట్ల తలలు, వాటి మీదుగా తిరుగుతున్న గద్ద, దూరంగా పొగమంచులో కొండ వెనుక కొండ. మేనల్లుడు లేచి అంచు వైపు కాక వెనక్కు నడిచాడు. వాగుకు ఎదురుగా, అది వచ్చే దిక్కుగా కొంత దూరం వెళ్ళాడు. ఒక రాతి పగులులోంచి వేలెడంత ధార ఊరుతూ వాగులో కలుస్తోంది. వాన పడ్డప్పుడు ఈ కొండ రాళ్ళ నెర్రెలు నీళ్ళు తాగి, ఇలా మెల్లగా వదులుతాయి. వానలు వెలిసిన నెలలకు కూడా తలకోన పారడానికి కారణం అదే. వాడు దోసిలి పట్టి నింపుకుని, వెంట తెచ్చిన సీసాలో పోశాడు. "తాతయ్యకి" అన్నాడు.

దిగుడు

దిగడం ఎక్కడం కన్నా కష్టమని నాన్నగారు అన్నమాట అక్షరాలా నిజం. మోకాళ్ళు వణికాయి, రెండుచోట్ల కూర్చుని జారాము. మూడింటికల్లా గుడి దగ్గరికి చేరాము. అడవిలో పొద్దు తొందరగా వాలుతుంది. ఇవి చిరుతలు తిరిగే కొండలు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాప చిరుత దాడికి బలైన సంగతి మనం మరచిపోలేదు. పిల్లలను ముందు పరుగెత్తనివ్వకూడదు, వెనకబడనివ్వకూడదు.

వెళ్ళదలచిన మన కుటుంబాలకు నాలుగు మాటలు. నవంబరు నుంచి జనవరి దాకా అనువైన కాలం, అయితే వాయుగుండం వార్త ఉంటే ప్రయాణం మానుకోండి. పట్టు ఉన్న బూట్లు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఒక జత పొడిబట్టలు ఉండాలి. అటవీశాఖ సిబ్బంది వద్దంటే వాదించకండి. స్థానికుల తోడు లేకుండా పైకి వెళ్ళకండి. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి తీసుకురండి. ఇంట్లో ఏ చోటికి వెళుతున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో చెప్పి వెళ్ళండి.

మర్నాటి రాత్రి ఇల్లు చేరేసరికి అక్కయ్య వీధి అరుగు మీదే కూర్చుని ఉంది. కొడుకును ముందు పైనుంచి కిందికి చూసింది, తరువాత అడిగింది, "పైనుంచి ఎలా ఉందిరా జలపాతం?"

"పైనుంచి జలపాతం కనబడదమ్మా" అన్నాడు వాడు. "తాతయ్య సగంలో ఆగాడు. నేను పది అడుగుల ముందు ఆగాను."

అక్కయ్య ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్ళి ముగ్గురికీ అన్నాలు వడ్డించింది. భోజనాలయ్యాక పక్క సందు వైపు ఒకసారి చూసి, "ఈసారి వెళ్ళేటప్పుడు ఆ ఇంటి మనవణ్ణి కూడా తీసుకెళ్ళండి. వాడూ అడుగుతున్నాడట, వాళ్ళ నానమ్మతో నేను మాట్లాడతాను" అంది.