లిఫ్ట్ కిట్ కొనే ముందు ఒకసారి బండి కిందకి దూరండి

ఈరోజు టాపిక్ మీలో చాలామంది అడిగిందే, తక్కువ బడ్జెట్‌లో జీపుకి లిఫ్ట్ కిట్.

మొన్న పుంగనూరు దగ్గర ఒక పల్లె నుంచి ఒక తమ్ముడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో పాత థార్ సీఆర్డీఈ తీసుకున్నా, ఫోర్ బై ఫోర్. చేను కాడికి పోవాలంటే వంక దాటాల. కింద రాళ్లు కొడతా ఉండాయి. చేతిలో నలభై వేలు ఉంది. మూడించుల లిఫ్ట్ ఏది మంచిది, పేరు చెప్పు చాలు" అని.

నేను పేరు చెప్పలేదు. ఒక పని చెప్పాను. బండిని చదును నేల మీద పెట్టు, హ్యాండ్ బ్రేక్ వెయ్యి, గేర్‌లో ఉంచు, చక్రాల కింద రాళ్లు పెట్టు. జాకీ ఎక్కించొద్దు. ఫోన్ టార్చి పట్టుకుని కిందకి దూరు. ఎక్కడెక్కడ గీతలు పడ్డాయో, ఎక్కడ సొట్టలు ఉన్నాయో అన్నీ ఫోటో తీసి పంపు అని.

ఎందుకంటే బండికి రాయి ఎక్కడ తగులుతోందో తెలియకుండా కిట్ కొనడం అంటే, నొప్పి ఎక్కడో చెప్పకుండా మందుల షాపులో మాత్ర అడిగినట్టే. ఆ గీతలు చూస్తే మీకు లిఫ్ట్ కావాలో వద్దో సగం తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. చాలామందికి తెలియని ముక్క ఇదే. సస్పెన్షన్ లిఫ్ట్ అంటే ఇరుసుకీ చాసిస్‌కీ మధ్య దూరం పెంచడం. బాడీ, చాసిస్, గేర్‌బాక్స్, డీజిల్ ట్యాంక్ పైకి లేస్తాయి. కానీ వెనక ఇరుసు? అది రెండు చక్రాల మధ్య కడ్డీలా బిగించి ఉంటుంది. దాని మధ్యలో పెద్ద ఉండలాగా వేలాడేదే డిఫరెన్షియల్. మీరు రెండించులు కాదు, ఆరించులు లిఫ్ట్ చేసినా ఆ ఉండ నేలకి ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో ఉంటుంది. ఒక్క మిల్లీమీటర్ కూడా లేవదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే. పాత థార్, బొలెరో, జిప్సీ, జిమ్నీ, అన్నింటికీ వెనక ఇలాంటి ఇరుసే ఉంటుంది కాబట్టి ఈ లెక్క అన్నింటికీ వర్తిస్తుంది.

కాబట్టి గీతలు డిఫరెన్షియల్ మీద ఉంటే లిఫ్ట్ కిట్ మీకు పనికిరాదు. బంపర్ మూలల మీద ఉంటే సమస్య బంపర్‌ది. కొందరు ముందు పెద్ద ఇనుప బంపర్ బిగించుకుని, అది నేలకి కొడుతోందని మళ్లీ లిఫ్ట్ అడుగుతారు. ముందు ఆ బంపర్ తీసెయ్యండి స్వామీ! గీతలు బండి నడుము మీద, అంటే రెండు ఇరుసుల మధ్యలో చాసిస్ మీదా ట్రాన్స్‌ఫర్ కేస్ మీదా ఉంటే మాత్రం లిఫ్ట్ గురించి మాట్లాడుకోవచ్చు. గట్టు ఎక్కి దిగేటప్పుడు కడుపు ఆనే సమస్య అది. చక్రాల మధ్య దూరం ఎక్కువుంటే ఇది ఎక్కువ. పాత థార్‌కి ఆ దూరం 2430 మి.మీ., బొలెరోకి 2680. అందుకే ఒకే గట్టు మీద థార్ దాటిపోతుంది, బొలెరో కడుపు ఆనించుకుని కూర్చుంటుంది.

మన తమ్ముడు ఫోటోలు పంపాడు. నడుము శుభ్రంగా ఉంది. డిఫరెన్షియల్ కింద మాత్రం ఉలితో చెక్కినట్టు గీతలు. వెనక టోయింగ్ హుక్ వంగి ఉంది. ఇంకో ఫోటోలో అసలు కథ దొరికింది. వెనక కమాను పట్టీలు విల్లులా వంగి ఉండాల్సింది పోయి బల్లపరుపుగా సాగిపోయాయి. ఒక పక్క ఒక పట్టీ విరిగి ఉంది. అంటే ఆ బండి కంపెనీ ఇచ్చిన ఎత్తులో కూడా లేదు. ముందు పోయిన ఎత్తు తెచ్చుకోవాల, కొత్త ఎత్తు సంగతి తర్వాత.

ఇది మన వైపు సెకండ్ హ్యాండ్ జీపుల్లో చాలా మామూలు. మదనపల్లె టమాటా మార్కెట్‌కి సీజన్లో క్రేట్లు మోసిన బండ్లు కదా. పాతిక కిలోల క్రేట్లు పదిహేను ఎక్కిస్తే 375 కిలోలు, పైన నలుగురు మనుషులు. అలా నాలుగేళ్లు తిరిగితే కమాన్లు సాగకుండా ఎలా ఉంటాయి? దీనికి బెంగళూరు పోనక్కర్లేదు. లారీలు తిరిగే ఏ ఊళ్లో అయినా కమాన్ వర్క్స్ బోర్డు కనిపిస్తుంది. విరిగిన పట్టీ మార్చి, మిగతావాటికి మళ్లీ వంపు తెచ్చి, రబ్బరు బుష్‌లు కొత్తవి వేస్తారు. ఒక్కటి గమనించండి. వంపు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచితే ఇనుములో పదును పోతుంది, కొన్నాళ్లకే మళ్లీ సాగుతుంది, లేదా విరుగుతుంది. కాల్చి వంచుతామంటే దండం పెట్టి వచ్చేయండి.

ఇక చీప్ లిఫ్ట్‌ల సంగతి. పాత థార్‌కి ముందు వైపు కాయిల్ స్ప్రింగులు ఉండవు, టార్షన్ బార్లు ఉంటాయి. పొడవాటి కడ్డీ మెలి తిరుగుతూ స్ప్రింగ్ పని చేస్తుంది. దాని చివర ఒక సర్దుబాటు బోల్ట్ ఉంటుంది. అది బిగిస్తే ముందు భాగం లేస్తుంది. పైసా ఖర్చు లేదు, అరగంట పని. అందుకే చాలామంది మెకానిక్‌లు "చేసేద్దాం" అంటారు. కొద్దిగా అయితే పర్లేదు, సాగినదాన్ని సరిచేయడానికే ఆ బోల్ట్ ఇచ్చింది. కానీ బాగా బిగించేస్తే చక్రం కిందకి దిగే దూరం తగ్గిపోతుంది. గుంత వచ్చినప్పుడు చక్రం దిగక గాల్లో ఉంటుంది, దడ్ దడ్ మని కొడుతుంది. ముందు డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు ఏటవాలుగా తిరుగుతాయి. రబ్బరు బూట్ చిరిగిందంటే గ్రీజు బయటికి, ఇసుక లోపలికి. ఉచితంగా వచ్చిన ఇంచుకి తర్వాత బిల్లు వస్తుంది.

వెనక కమాన్లకి పొడుగు షాకిల్స్ వేస్తే ఇంకో రకం. రెండించులు పొడుగైన షాకిల్ వేస్తే బండి లేచేది సుమారు ఒక ఇంచే, ఎందుకంటే కమానుకి ఒక కొసే లేస్తుంది. ఇరుసు కూడా కొంచెం తిరుగుతుంది, షాఫ్ట్ క్రాసులు ఊరికే అరుగుతాయి. ఇరుసుకీ కమానుకీ మధ్య దిమ్మెలు పెట్టి లేపడం మూడో రకం. వెనక మంచి దిమ్మె ఒకటి వేస్తే పనిచేస్తుంది. దిమ్మె మీద దిమ్మె వద్దు. జిప్సీలకీ పాత మహీంద్రా జీపులకీ ముందు కూడా కమాన్లే ఉంటాయి. అక్కడ, స్టీరింగ్ ఉన్న ఇరుసు కింద, దిమ్మె అసలు పెట్టకూడదు. బ్రేక్ గట్టిగా వేసినప్పుడు అది మెలిపడి జారితే స్టీరింగ్ మీ చేతిలో ఉండదు.

నడుము మీద గీతలు ఉన్నవాళ్లకి నా సలహా, ఒకటిన్నర నుంచి రెండించుల పూర్తి కిట్. పూర్తి అంటే స్ప్రింగులు, వాటికి సరిపోయే పొడవున్న షాకప్‌లు, రెండూ ఒకే కంపెనీవి, మీ మోడల్‌కే చేసినవి. ఓల్డ్ మ్యాన్ ఇము, ఐరన్‌మ్యాన్ లాంటి ఆస్ట్రేలియా బ్రాండ్లు తీసుకుంటే బిగింపుతో కలిపి లక్ష దాటడానికి సిద్ధంగా ఉండాలి. ఇక్కడి తయారీ సెట్లు అంతకన్నా తక్కువలో వస్తాయి. బెంగళూరు జేసీ రోడ్డుకి పోయి తిరిగితే చాలా రకాలు చూడొచ్చు. అక్కడ మొదట చెప్పాల్సింది మీ బండిలో రోజూ ఎంత బరువు ఉంటుందో. బరువు మోసే స్ప్రింగు ఖాళీ బండికి వేస్తే మేక పిల్లలా ఎగురుతుంది. వాడేసిన షాకప్‌లు ఎంత చవకైనా తీసుకోవద్దు, లోపల సీల్ సంగతి బయటికి కనపడదు. బిగించాక బ్రేక్ గొట్టాలు చాలుతున్నాయో లేదో స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. యూ బోల్ట్‌లు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. హెడ్‌లైట్లు కూడా కిందకి దించండి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఒకే 42వ జాతీయ రహదారి మీద ఉన్నాయి, రాత్రి ఎదురొచ్చేవాడి కళ్లలోకి కొడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఎత్తు పెరిగితే పోయేది కూడా చూద్దాం. ఉదాహరణకి చక్రాల మధ్య అడ్డం వెడల్పు 1450, బరువు కేంద్రం ఎత్తు 700 మి.మీ. అనుకోండి. దాన్ని 750 చేస్తే పక్కకి బోల్తా పడకుండా నిలిచే శక్తి సుమారు ఏడు శాతం తగ్గుతుంది. హార్స్‌లీ హిల్స్ ఘాట్‌లో, పైన క్యారియర్ నిండా సామాన్లతో, మలుపులో మామూలు స్పీడే అయినా ఆ తేడా తెలుస్తుంది. ఇంకోటి, మీ అమ్మ ఆ బండి ఎక్కగలదా? నవ్వకండి, మోకాళ్ల నొప్పులున్న మనిషికి రెండించులు చిన్న విషయం కాదు.

చట్టం సంగతి కూడా చెప్పాల. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. పోలీసులు ఆపకపోవచ్చు. కానీ యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్ బండి కిందకి తప్పకుండా దూరతాడు. చెప్పకుండా చేసిన మార్పు కనిపిస్తే క్లెయిమ్‌కి అడ్డం పడొచ్చు. పెద్ద టైర్లకీ ఇదే మాట. పాత థార్ 235/70 ఆర్ 16 టైరు తీసి 245/75 ఆర్ 16 వేస్తే డిఫరెన్షియల్ 19 మి.మీ. లేస్తుంది నిజమే, కానీ మీటర్ 60 చూపిస్తుంటే బండి 63లో పోతుంటుంది, మలుపులో టైరు రాసుకోవచ్చు కూడా.

కుప్పం తమ్ముళ్లకి ఒక మాట. బండి లేపి కౌండిన్య అడవిలోకి పోయి రీల్ తీద్దాం అనుకునేవాళ్లు ఉన్నారు. అది అభయారణ్యం, అనుమతి లేకుండా పోతే వన్యప్రాణి చట్టం కింద కేసు. ఏనుగులు ఎదురైతే మీ రెండించులు ఏ మూలకీ రావు.

సరే, నలభై వేల తమ్ముడికి ఏం చెప్పానంటే: మొదట కమాన్లు, బుష్‌లు. షాకప్‌లు కారుతుంటే కంపెనీ సైజువే కొత్తవి. వంగిన హుక్ విప్పెయ్. మిగిలిన డబ్బుతో అదే సైజులో ఆల్ టెర్రైన్ టైర్లు. నాలుగూ ఒకేసారి రాకపోతే రెండు నెలలు ఆగు, రెండు కొత్తవి రెండు అరిగినవి వేసుకుని ఫోర్ బై ఫోర్ వెయ్యొద్దు, ట్రాన్స్‌ఫర్ కేస్‌కి మంచిది కాదు.

ఇంకోటి, ఖర్చు లేనిది. వంకలో రాయి కనిపిస్తే దాన్ని చక్రాల మధ్యకి తీసుకోవడం మనందరికీ అలవాటు, గుంతల రోడ్ల మీద నేర్చుకున్నది. జీపుకి అది తప్పు. సరిగ్గా మధ్యలో కొంచెం పక్కకి డిఫరెన్షియల్ వేలాడుతోంది కదా. రాయి మీదికి టైరు ఎక్కించి మెల్లగా దిగాలి, అప్పుడు టైరుతో పాటు ఇరుసూ లేస్తుంది.

"అన్నా, మరి లుక్కు?" అన్నాడు. పుంగనూరు ఆవు మూడడుగులు కూడా ఉండదు, దాన్ని చూడ్డానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు కదరా అన్నాను. ఒప్పుకోలేదులెండి. కానీ నిన్న మెసేజ్ పెట్టాడు, కమాన్లు అయ్యాయంట, వెనక నేల నుంచి చాసిస్ వరకు టేపు పెట్టి కొలిస్తే ముందుకన్నా దాదాపు ఇంచున్నర లేచిందంట. టైర్లు వేశాక అదే వంకలో వీడియో తీసి పంపుతానన్నాడు, వస్తే ఇక్కడే పెడతాను.