మెదడు గడ్డలో కణముల సంభాషణ

క్యాన్సరు కణము ఇరుగుపొరుగుతో మాటలు మానివేసిన ఏకాకి యనియు, ఆ మౌనమే దాని విచ్చలవిడి వృద్ధికి మూలమనియు శాస్త్రజ్ఞులు చాలకాలము నమ్మిరి. 1966లో లోవెన్‌స్టైన్, కన్నో అను ఇరువురు, ఆరోగ్యముగల కాలేయకణములు తమలో తాము అయానులను అందించుకొనుచుండగా, కాలేయపు క్యాన్సరు కణములు అట్లు చేయకుండుటను కనుగొనిరి.

ఈ సంభాషణకు సాధనములు కనెక్సినులు అను ప్రోటీనులు. ఇవి ఆరేసి వలయముగా కూడి కణపు పొరలో నొక రంధ్రమగును; పక్క కణపు రంధ్రము దీని కెదురుగా వచ్చి అతుకుకొన్నచో, రెండిండ్ల నడిమి గోడలో ద్వారము తెరచినట్లు, కాల్షియము వంటి అయానులును చిన్న అణువులును ఒకదానినుండి మరొకదానికి నేరుగా సాగిపోవును. న్యూరానులను పోషించు ఆస్ట్రోసైట్లలో మిక్కుటముగా నుండునది కనెక్సిన్ 43. గ్లయోమా అను మెదడు గడ్డలు ముదిరినకొలది ఇది తరచు తరుగుటయు, 1991లో ఎలుక గ్లయోమా కణములలో దీనిని తిరిగి చేర్చగా వాని పెరుగుదల మందగించుటయు చూచి, దీనిని మెదడునకు కావలివాడని పలువురు భావించిరి.

ఆ భావన 2015లో తలక్రిందులైనది. జర్మనీలోని హైడెల్‌బర్గు పరిశోధకులు ఎలుకల కపాలమున గాజుకిటికీ అమర్చి, లోపల పెరుగుచున్న గడ్డను నెలల తరబడి సూక్ష్మదర్శినితో పరికించిరి. గడ్డ కణములు సన్నని గొట్టములను దూరదూరములకు చాచి ఒండొంటితో పెనవేసికొనుచుండెను. కొన్నిటి పొడవు అర మిల్లీమీటరును మించెను. అవి ఒకదానినొకటి దాటుచోట్ల నిలిచియున్నది ఆ కనెక్సిన్ 43యే! రేడియేషను తగిలినపుడు ఒంటరి కణములు చచ్చెను. అల్లికలో చేరినవి బ్రతికెను. కనెక్సిన్ 43ను తగ్గించిన గడ్డలు రేడియేషనుకు లొంగినవి.

పొరుగు న్యూరానులును గడ్డ పెరుగుదలకు తెలియక తోడ్పడును. అవి చురుకుగా పనిచేయువేళ విడుదలయగు న్యూరోలిజిన్-3 అను ప్రోటీను గడ్డకు మేతయగునని 2015లోనే స్టాన్‌ఫర్డులో మిషెల్ మోంజే బృందము వెల్లడించెను.

గ్లయోబ్లాస్టోమా అను ఉగ్రమైన గ్లయోమాకు శస్త్రచికిత్స, రేడియేషనులకు తోడుగా 2005నుండి వాడుకలోనికి వచ్చిన టెమోజోలమైడు అను మందు, రోగుల మధ్యస్థ ఆయువును 12.1 నెలలనుండి 14.6 నెలలకు మాత్రమే పెంచగలుగుట చూచినచో, ఈ అల్లికను తెంచు యత్నమెంత అవసరమో తేటపడును. కనెక్సిను ద్వారములను మూయు మెక్లోఫెనమేటు అను పాత నొప్పిమందును జర్మనీలో రోగులపై పరీక్షింప నారంభించిరి. అయినను కనెక్సిన్ 43ను కేవలము దోషిగా నెంచుట తగదు. గుండె కండరములు ఒక్కుమ్మడిగా ముకుళించుటకును ఆధారమదియే గనుక, దానిని ఒడలంతట సంపూర్ణముగా స్తంభింపజేయు మందును ఏ వైద్యుడును ఇయ్యజాలడు.