ఫకీరు ప్రాణం చిలకల.. మన కథ మన చేతుల

మాయలు మంత్రాల కథ జెప్పాలంటే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ గేట్లకాడ నిలవడాలె, కోట్లు గావాలె అనుకుంటరు మన పోరలు. గేమ్‌కు గా గేటు లేదు.

రోల్ ప్లేయింగ్ గేమ్‌ల ఆడేటోడే పాత్ర. ఊర్లు తిరుగుతడు, మనుషులతోని మాట్లాడుతడు, ఏ తొవ్వ పట్టాల్నో తనే తేల్చుకుంటడు. బాలనాగమ్మ కథనే సూడుండ్రి. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకల ఉంటది. బాలవర్ధిరాజు దాన్ని పట్టేదాంక పోయే దారి అరగంట గేమ్‌కు సరిపోతది.

పనిముట్టు? గోడో అనే గేమ్ ఇంజన్ 2014 నుంచి ఉత్తగనే దొరుకుతున్నది. అమెరికాల టోబీ ఫాక్స్ ‘అండర్‌టేల్’ను చాలామటుకు ఒక్కడే జేసి 2015ల ఇడిసిండు.

మన ‘బాహుబలి’ గేమ్‌ను 2017ల తెచ్చింది బెంగళూరు కంపెనీ మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్. బాలనాగమ్మనన్న మనమే జేద్దాం. చిన్నగనే జెయ్యుండ్రి, గని పూర్తిజెయ్యుండ్రి.