గాలివాన దినమున నిలిచే పునాది



గాలిలో ప్రయాణించి వచ్చే స్వరం విలువ ఏమిటో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. అయితే వినడంతో ఆగిపోక, పరీక్ష వ్రాసి, లైసెన్సు పొంది, తామే రేడియోలో మాట్లాడేవారు కొందరున్నారు. వారిని హామ్‌లు అంటారు. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవులను ముంచెత్తినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నారు. ఫోన్లు మూగబోయిన ఆ దినాలలో ఆమె, ఆమె బృందం రేడియో ద్వారానే వార్తలు చేరవేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు ఫోన్లు ఎలా మూగబోయాయో మీలో అనేకులు చూశారు.

ఇప్పుడు ఒక్క ప్రశ్న. అటువంటి దినమున ఉపయోగపడవలసిన టవరే ఆ దినమున కూలిపోతే? ప్రక్కింటి రేకుల కప్పు మీదనో, కరెంటు తీగల మీదనో పడితే? టవర్ ఎంత ఎత్తున్నదో దారిన పోయేవారంతా చూస్తారు. దాని క్రింద ఏమున్నదో ఎవరూ చూడరు. కనబడని ఆ భాగాన్ని గూర్చి ఈ సంచికలో తెలుసుకొందాము.

మొదటిగా, గాలి ఏమి చేస్తుందో గమనించండి. టవర్ బరువు పునాదికి పెద్ద భారం కాదు. తీగలతో లాగి కట్టకుండా తనంతట తాను నిలిచే టవర్‌ను గాలి ప్రక్కకు త్రోస్తుంది. చెట్టును వేళ్లతో పెకలించినట్లు పునాదిని ఒక అంచు మీదుగా తిరగవేయాలని చూస్తుంది. మన దేశపు గాలి లెక్కల ప్రమాణమైన ఐఎస్ 875 మూడవ భాగంలో హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్లు మూల వేగంగా ఇచ్చారు. 50 మీటర్ల వేగంతో వీచే గాలి ఒక చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి పెడుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకొందాము. 15 మీటర్ల టవర్. పైన ఒక చదరపు మీటరు గాలి తగిలే యాంటెన్నా. టవర్ కడ్డీలన్నిటికీ కలిపి మూడు చదరపు మీటర్లు అనుకొనండి. పైన 150 కిలోలు, మధ్యలో 450 కిలోలు త్రోస్తాయి. ఎత్తుతో గుణించి, పునాది అడుగు వరకు లెక్కిస్తే తిరగవేసే శక్తి సుమారు 6,500 కిలో-మీటర్లు. అనగా ఒక మీటరు పొడవు గడ్డపార చివర 6,500 కిలోలు వ్రేలాడదీసినంత శక్తి.

రెండవదిగా, దీనికి ఎదురు నిలిచేది ఏమిటి? కాంక్రీటు బరువు, దాని వెడల్పు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు గల దిమ్మ ఆరు ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 2,400 కిలోల చొప్పున 14,400 కిలోలు. అది అంచుకు ఒక మీటరు దూరంలో పనిచేస్తుంది గనుక ఎదురు శక్తి 14,400. గాలి శక్తికి రెండు రెట్లకు పైగా ఉన్నది. ఇక చాలును కదా అని మేస్త్రీ అంటాడు.

చాలదు, ప్రియులారా! ఎందుకనగా తుపాను ఒంటరిగా రాదు. వానతో, వరదతో కలిసి వస్తుంది. నేల నీటితో నిండినప్పుడు, నీటిలో మునిగిన దిమ్మను నీరు పైకి ఎత్తుతుంది. అప్పుడు ఘనపు మీటరు బరువు 2,400 కాదు, 1,400 మాత్రమే. ఎదురు శక్తి 8,400కు పడిపోతుంది. ఎండాకాలంలో రెండు రెట్లున్న భద్రత, అవసరమైన దినమున ఒకటింబావు రెట్లకు వచ్చింది. కాంక్రీటు ప్రమాణమైన ఐఎస్ 456 అడిగే భద్రతకు ఇది చాలదు.

ఏమి చేయాలి? అదే లోతుతో పొడవు, వెడల్పు రెండున్నర మీటర్లు చేయండి. నీటిలో మునిగినా ఎదురు శక్తి 16,000 దాటుతుంది. కేవలం అర మీటరు పెంచినందుకు బలం దాదాపు రెట్టింపైనది! కాబట్టి లోతుకంటె ముందు వెడల్పును గూర్చి ఆలోచించండి. అయితే ఇది పద్ధతి తెలియడానికి చెప్పిన లెక్క మాత్రమే. టవర్ ఎత్తును బట్టి, తుపాను తీరాన్ని బట్టి ఇంకా కలుపవలసినవి ఉన్నాయి. మీ నేలను చూచి, మీ టవర్ కొలతలు తీసికొని స్ట్రక్చరల్ ఇంజినీరు చేసిన లెక్కనే అనుసరించండి. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. మెత్తని డెల్టా మట్టి భారానికి క్రుంగుతుంది. నేల పరీక్ష ఖర్చు వ్యర్థం కాదు.

మూడవదిగా, పనిని గూర్చి కొన్ని మాటలు.

స్థలం ఎన్నుకొనేటప్పుడు, టవర్ ఏ ప్రక్కకు పడినా కరెంటు తీగలను అందుకోలేనంత దూరం ఉండాలి. కావలసిన అనుమతులు ముందే తీసుకొనండి. త్రవ్వకముందు భూమిలో కేబుళ్లు, పైపులు ఉన్నవేమో విచారించండి. మనిషి దిగే గోతి అంచులు ఏటవాలుగా తీయండి, లేదా పలకలతో ఆపు పెట్టండి. తీసిన మట్టిని అంచుకు కనీసం అయిదు అడుగుల దూరంలో వేయండి. మట్టి పెళ్ల విరిగి పడడానికి ఒక్క క్షణం చాలు.

ఇనుమును మట్టి మీద పెట్టవద్దు. అడుగున పీసీసీ బెడ్ వేసి, కవర్ బ్లాకుల మీద నిలపండి. పునాదిలో ఇనుముకు అన్ని వైపుల కనీసం 50 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. ఇనుముతో వేసే కాంక్రీటుకు ఎం20 కనీస గ్రేడు. భూమిలో ఉండే పునాదికి ఎం25, ఉప్పుగాలి తగిలే తీరంలో ఎం30 అడగండి. బోల్టులను చేతితో గుచ్చవద్దు. టవర్ అడుగు పలకకు సరిపడే మూస చేయించి, రసమట్టంతో చూచి, కాంక్రీటు వేయకముందే బిగించండి.

కాంక్రీటు మొత్తం ఒకే దినమున, ఆపకుండా వేయండి. వైబ్రేటర్ పెట్టండి. జారుడుగా ఉంటుందని మిల్లర్‌లో నీళ్లు ఎక్కువ పోయనివ్వవద్దు. ఎక్కువైన ప్రతి బిందె బలాన్ని తగ్గిస్తుంది. పైభాగం నేలకు ఆరంగుళాలు ఎత్తుగా, నీరు జారిపోయేటట్లు వాలుగా ఉంచండి. గోనె సంచులు కప్పి కనీసం ఏడు దినాలు, వీలైతే ఇంకా ఎక్కువ తడపండి. కాంక్రీటు బలాన్ని లెక్కించేది 28వ దినమున. అంతవరకు టవర్ ఎత్తవద్దు. స్నేహితులు తొందరపెట్టినా ఆగండి.

పిడుగును మరువవద్దు. టవర్ కాళ్లనుండి తగిన ఎర్తింగ్ పట్టీలు బయటకు తీసి ఎర్త్ రాడ్లకు కలిపి, ఆ ఎర్తింగ్‌ను రేడియో గది ఎర్తింగ్‌తో కూడ కలపండి. పిడుగుకు బోల్టులు, కాంక్రీటు మాత్రమే దారి కాకూడదు.

ఇంత చేసిన తరువాత మట్టి కప్పితే మీ శ్రమలో ఆరంగుళాలే కనబడతాయి. డబ్బు చాలకపోతే టవర్‌ను పది అడుగులు తగ్గించండి. పునాదిని మాత్రం తగ్గించవద్దు. పొట్టి టవర్ స్వరం కొంత దూరం తక్కువ పోవచ్చును. కూలిన టవర్ స్వరం ప్రక్క ఊరికి కూడా పోదు. వాన కురిసి, నేల నానిపోయి, గాలి హోరెత్తి, ఎవరో ఎక్కడో సహాయం కొరకు పిలిచే రాత్రి ఒకటుంటుంది. మీ పునాదిని ఆ రాత్రికి సరిపోయేటట్లు కట్టండి.